క్రాష్ గార్డు బిగించాలా వద్దా: కొనేముందు చూడాల్సినవి, బిగించే పద్ధతి

బైకు ఇంజిన్ ముందు రెండు పక్కలకూ వచ్చేలా బిగించే ఇనప పైపు చట్రమే క్రాష్ గార్డు. దాని అసలు పని ఇంజిన్ కవర్లు పగలకుండా చూడటం. సైడ్ స్టాండు మెత్తటి నేలలో దిగబడి బండి ఒరిగినా, యూ టర్నులో ఇసుక మీద ముందు చక్రం జారినా, కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద బ్రేకు వేసి పడినా, గార్డుకు పెట్టిన డబ్బు ఆ ఒక్కసారితోనే తిరిగొచ్చినట్టే. కానీ వేగంగా వచ్చే కారు గుద్దినప్పుడు కాలిని కాపాడుతుందని నమ్మి మాత్రం కొనకండి.

ఈ మాటకు ఆధారం ఉంది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో హ్యారీ హర్ట్ బృందం 900 బైకు ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. గార్డు ఉన్న బండ్ల మీద పాదం, చీలమండ దెబ్బలు తగ్గాయి గానీ, మోకాలు, తొడ, మోకాలి కింది ఎముక దెబ్బలు పెరిగి ఆ లాభాన్ని తుడిచేశాయి. కారణం ఊహించగలిగిందే. ఢీకొన్న క్షణంలో మనిషి ముందుకు జారతాడు, మోకాలు పోయి ఆ పైపుకే తగులుతుంది. పైపు వెనక్కి మడతపడితే కాలు దానికీ ఇంజిన్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. మెల్లగా పడినప్పుడు కథ వేరు. బండి నేలకు పూర్తిగా ఆనకుండా గార్డు కాస్త ఎత్తులో ఆపుతుంది కాబట్టి పాదం కింద నలగదు, బండిని లేపడమూ తేలిక. 195 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ని ఒంటరిగా లేపాల్సి వచ్చినప్పుడు ఆ ఎత్తు విలువ తెలుస్తుంది. కాలి రక్షణే కావాలంటే ముందు చీలమండ దాటి వచ్చే గట్టి బూట్లు, మోకాలి ప్యాడ్లు కొనండి. గార్డు సంగతి ఆ తర్వాత.

ఏ బండికి అవసరం?

మీ బండి పడితే ముందు ఏది నేలకు తగులుతుందో చూసుకోవాలి. పక్కకు పొడుచుకొచ్చిన ఇంజిన్ కవర్లు, ముందు వైపు రేడియేటర్, బరువు 150 కిలోలకు పైన, దూర ప్రయాణాలు, మట్టి దారులు: వీటిలో ఏ రెండు ఉన్నా గార్డు పెట్టుకోవడం మేలు. 112 కిలోల స్ప్లెండర్ లాంటి బండి నిలబడిన చోట ఒరిగితే ఎక్కువసార్లు అద్దం, ఇండికేటర్, లివర్‌తో పోతుంది. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్లు నడిపే బండికీ, రోజూ మట్టిలో, బురదలో తిరిగే బండికీ మంచిదే. ఊళ్లో ఆఫీసుకు మాత్రమే తిరిగే తేలికపాటి బండికి లేకపోయినా నష్టం లేదు.

డబ్బు లెక్క ఇలా వేయండి. స్పేర్ పార్టుల కౌంటర్‌లో మీ మోడల్ ఇంజిన్‌కు రెండు పక్కలా ఉండే క్లచ్ కవర్, మాగ్నెట్ కవర్, వాటి గాస్కెట్లు, ఇంజిన్ ఆయిల్ ధరలు అడగండి. కూలీ కలపండి. రేడియేటర్ ఉంటే దాని ధర కూడా. ఆ మొత్తం మంచి గార్డు ధరకు రెండింతలు దాటితే సందేహించక్కర్లేదు. దారి మధ్యలో కవర్ పగిలితే ఆయిల్ కారిపోయి బండి కదలదన్న ఇబ్బంది ఈ లెక్కలోకి రాదు, కానీ దూరాలు పోయేవాళ్లకు అదే అసలు సంగతి.

కేటీఎం డ్యూక్ లాంటి బండ్లకు గార్డుకు బదులు స్లైడర్లు పెట్టుకునేవాళ్లున్నారు. ఇవి గట్టి నైలాన్ మొద్దులు, రోడ్డు మీద అరుగుతూ జారతాయి. ఒకే బోల్టు మీద పొడవాటి మొద్దు నిలబెట్టిన రకం వద్దు. డివైడర్ అంచుకు తట్టుకుంటే ఆ బోల్టే మీటలా పనిచేసి ఇంజిన్ కేసింగ్‌ను చీలుస్తుంది. రెండు బోల్టుల మీద ప్లేటు వేసి దాని మీద మొద్దు కూర్చోబెట్టిన రకం నయం. స్కూటర్ల చుట్టూ వేసే రాడ్డు గార్డులు గీతల నుంచి పెయింటును కాపాడతాయి, అంతకు మించి ఆశించొద్దు.

కొనేముందు బద్ద పరీక్ష

మీ మోడల్‌కే అదే గార్డు బిగించిన బండి ఒకటి దొరికితే, మీటరున్నర పొడవు తిన్నని చెక్క బద్ద తీసుకెళ్లండి. ఫుట్‌రెస్టు మడిచి పెట్టండి, ఎందుకంటే పడినప్పుడు అది మడుచుకుపోతుంది. బద్ద ఒక కొసను గార్డు బయటి అంచుకు, రెండో కొసను మడిచిన ఫుట్‌రెస్టు దగ్గర అన్నిటికంటే బయటికి వచ్చిన భాగానికి ఆనించండి. ఇంజిన్ కవర్ ఆ బద్దకు కనీసం 25 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. పడినప్పుడు పైపు కొంత వంగుతుంది కాబట్టి ఆ మాత్రం ఖాళీ కావాలి. కవర్ బద్దను తాకుతోందంటే ఆ గార్డు అలంకారమే. తర్వాత బద్దను గార్డు అంచు నుంచి హ్యాండిల్ చివరికి పెట్టండి. ట్యాంకు, రేడియేటర్ ఆ గీత లోపల ఉండాలి. రెండు వైపులా చూడాలి. ఎక్కువ బండ్లలో క్లచ్ కవర్ కుడివైపు, మాగ్నెట్ కవర్ ఎడమవైపు ఉంటాయి, ఉబ్బు రెండింటికీ ఒకేలా ఉండదు.

వెడల్పుకు హద్దు హ్యాండిల్. గార్డు హ్యాండిల్ చివర్ల కంటే బయటికి వస్తే ట్రాఫిక్‌లో మీరు దూరిపోగలననుకున్న సందులో పక్క ఆటోకు తట్టుకుంటారు. హ్యాండిల్ తగిలితే కనిపిస్తుంది, కింద ఉన్న గార్డు కనిపించదు.

పైపు సంగతి. బజారులో 22, 25, 28 మిల్లీమీటర్ల వ్యాసంలో వస్తాయి. పైకి లావుగా కనిపించేది గట్టిదని అనుకోవద్దు, గోడ మందం ముఖ్యం. తేలికపాటి బండికి 1.6, బరువైన బండికి 2 మిల్లీమీటర్లు ఉండాలి. మందం కొలిచే వీలు లేనప్పుడు తూకమే సాక్ష్యం. ఇనప పైపు మీటరుకు ఇంత బరువని లెక్క ఉంది: 25.4 మిల్లీమీటర్ల పైపు 2 మిల్లీమీటర్ల గోడతో మీటరుకు సుమారు 1.15 కిలోలు, అదే 1.2 గోడతో 0.72 కిలోలే. దారం పట్టుకుని వంపుల వెంట మొత్తం పైపు పొడవు కొలవండి. రెండున్నర మీటర్లు వస్తే మంచి పైపు ఒక్కటే 2.9 కిలోలు తూగాలి, పైన ప్లేట్లు, క్లాంపుల బరువు అదనం. మొత్తం కలిపి రెండు కిలోలే తూగితే అది రేకు పైపు. వంపుల దగ్గర కూడా చూడండి. పైపు గుండ్రంగా ఉండక నొక్కుకుపోయి ఉంటే, పడినప్పుడు అక్కడే మడతపడుతుంది.

స్టీలు అని చెప్పి అమ్మేదాన్ని అయస్కాంతంతో పరీక్షిస్తే అది స్టెయిన్‌లెస్సా కాదా అన్నంతవరకు తెలుస్తుంది. 304 రకమా, చవకైన 202 రకమా అన్నది తెలియదు, రెండూ అయస్కాంతానికి దాదాపు అంటుకోవు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో 202 త్వరగానే తుప్పు మరకలు చూపిస్తుంది. ఉప్పు గాలిలో చవక క్రోమ్ పూత అంతకంటే ముందే పొక్కి లేస్తుంది. అక్కడ పౌడర్ కోటింగ్ ఉన్న మామూలు ఇనప గార్డు కొనుక్కుని, గీతలు పడిన చోట ఎప్పటికప్పుడు పెయింటు తాకించడం తక్కువ ఖర్చు.

మితిమీరిన గట్టిదనమూ తప్పే. పైపులో ఇనప కడ్డీ దూర్చి వెల్డింగ్ చేయించిన గార్డు వంగదు, దెబ్బనంతా తీసుకెళ్లి ఛాసిస్‌కు ఇస్తుంది. గార్డు వెయ్యో రెండువేలో పోతుంది, ఛాసిస్ వంగితే బండే పోతుంది.

ఎక్కడ బిగుస్తుందో చూడండి

గార్డు మంచిచెడ్డల్లో ముక్కాలు భాగం దాని పట్టులోనే ఉంటుంది. ఒక్కో వైపు కనీసం రెండు చోట్ల పట్టు ఉండాలి: ఒకటి పైన, ఒకటి కింద, మధ్య దూరం ఎంత ఎక్కువైతే అంత మంచిది. రెండూ ఛాసిస్ గొట్టం మీదో, ఛాసిస్‌కూ ఇంజిన్‌కూ కలిపే ఫౌండేషన్ బోల్టు దగ్గరో ఉండాలి. మధ్యలో ఒకే క్లాంపు మీద నిలబడే గార్డు పడగానే ఆ క్లాంపు చుట్టూ తిరుగుతుంది. వెనక్కి తిరిగితే మీ మోకాలికి, పైకి తిరిగితే ట్యాంకుకు సొట్ట.

ఇంజిన్ కేసింగ్‌కు ఉన్న చిన్న బోల్టుల మీద, ఫుట్‌రెస్టు ప్లేటు మీద బిగించే గార్డు ఏదైనా సరే వదిలేయండి. ఇంజిన్ కేసింగ్ అల్యూమినియం పోత, అది వంగకుండా ఒకేసారి విరుగుతుంది. పాత క్లాసిక్ 350లో ఛాసిస్ ముందు గొట్టం ఒక్కటే, ఇంజిన్ కూడా బరువు మోసే భాగం. 2021లో వచ్చిన మోడల్‌లో ముందు గొట్టాలు రెండు. అందుకే పేరు ఒకటైనా ఒకదాని గార్డు రెండోదానికి కుదరదు. దుకాణంలో ‘అన్నిటికీ పడుతుంది’ అంటే మోడల్, సంవత్సరం చెప్పి బిగించి చూపించమనండి. కంపెనీ అమ్మే యాక్సెసరీ ధర ఎక్కువే, కానీ పట్టు చోట్లు సరిగ్గా కలుస్తాయి.

కొత్త బండి కొనేటప్పుడు యాక్సెసరీల ప్యాకేజీ పేరుతో సీటు కవర్, మ్యాట్, గార్డు కలిపి అంటగడతారు. ఆ గార్డునూ బద్ద, తూకం పరీక్షలకు పెట్టి నచ్చకపోతే తీసేయమనండి. శారీ గార్డు మాత్రం వేరే సంగతి. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 123వ నియమం చెబుతోంది. అందం కోసం దాన్ని పీకేసి ముందు మాత్రం ఇంత లావు గార్డు పెట్టుకునేవాళ్లను చూస్తే ఏమనాలో తెలియదు. చున్నీలు, చీర కొంగులు రోజూ చుట్టుకునేది ఆ వెనక చక్రంలోనే.

బిగించడం

కావాల్సినవి: 12 నుంచి 17 వరకు రింగు పానాలు, 6, 8 నంబర్ల ఆలెన్ కీలు, దొరికితే టార్కు రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా), ఇంజిన్ కింద పెట్టడానికి చెక్క మొద్దు లేదా చిన్న జాకీ, వైరు బ్రష్, నీలం రంగు థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు), పెయింట్ మార్కర్. కిట్‌లో వచ్చిన బోల్టు తల మీద 8.8 అని గుర్తు ఉండాలి, అది బోల్టు గట్టిదనాన్ని చెప్పే అంకె. గుర్తు లేని మెత్తటి బోల్టులు పక్కన పడేసి అదే సైజువి కొనండి, పెద్ద ఖర్చు కాదు.

ఇంజిన్ చల్లబడ్డాక బండిని సెంటర్ స్టాండు మీద సమతలంగా నిలబెట్టండి. చెక్క మొద్దును ఇంజిన్ కింద ఆనీ ఆననట్టు పెట్టండి. గార్డు ఫౌండేషన్ బోల్టు మీద కూర్చునే రకమైతే పాత బోల్టు తీసి పొడవాటిది వేయాలి. అప్పుడు ఆధారం లేకపోతే ఇంజిన్ కాస్త దిగి రంధ్రాలు కలవవు. బోల్టులు ఒక్కొక్కటిగా మార్చాలి, రెండూ ఒకేసారి తీయొద్దు. బోల్టు బయటికి రాకపోతే సుత్తితో బాదకండి, జాకీ ఒక పిసరు ఎత్తి దించి చూస్తే జారి వచ్చేస్తుంది.

ఇక గార్డు ఎక్కించి అన్ని బోల్టులూ చేతితోనే రెండు మూడు చుట్లు వేయండి. ఒకటి గట్టిగా బిగించాక రెండోది కలపాలని చూస్తే ఎప్పటికీ కలవదు. ఏదైనా చోట రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ మిగిలితే అంత మందం వాషర్ వేయండి. బోల్టు బలంతో పైపును లాగి కలపొద్దు. అలా లాగి బిగించిన గార్డు ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటుంది, సింగిల్ సిలిండర్ అదురుకు కొన్ని నెలల్లోనే వెల్డింగ్ అంచున జుట్టంత పగులు పడుతుంది. ఫుట్‌రెస్టులో కొత్తగా జివ్వుమనే అదురు మొదలైతే కారణం చాలాసార్లు ఇదే. అన్నీ వదులు చేసి మళ్లీ మొదటి నుంచి బిగిస్తే తగ్గుతుంది.

బిగించే వరుస: ముందు ఫౌండేషన్ బోల్టు, దానికి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్కే. తర్వాత కింది క్లాంపులు, చివర పై క్లాంపులు, కుడి ఎడమలు మార్చి మార్చి. క్లాంపులకు కంపెనీ అంకె ఇవ్వకపోతే ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టుకు 22 నుంచి 25, ఎం10కు 45 న్యూటన్ మీటర్ల దాకా వెళ్లొచ్చు. టార్కు రెంచి లేకపోతే 20 సెంటీమీటర్ల పానా కొసన 12 కిలోల బలంతో లాగితే సుమారు 24 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఎం8 బోల్టును పానాకు పైపు తొడిగి బిగించేవాళ్ల దగ్గర్నుంచి మాత్రం బండి తీసుకెళ్లిపోండి. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉన్నది) ఒకసారి విప్పితే పట్టు తగ్గుతుంది, కొత్తది వేయాలి. మామూలు నట్టయితే మరకు థ్రెడ్ లాకర్ రెండు చుక్కలు.

క్లాంపు కింద సైకిల్ ట్యూబు ముక్క పెట్టడం మన మెకానిక్‌లకు అలవాటు. పెయింటు గీసుకోకుండా ఒక పొర సరే. రెండు మూడు పొరలు చుడితే రబ్బరు ఎండకు, ఒత్తిడికి నలిగి పలుచబడి బోల్టు బిగువు పోతుంది, పడినప్పుడు క్లాంపు గొట్టం మీద జారుతుంది.

కుదరని చోట ఛాసిస్‌కు కొత్త ముక్క వెల్డింగ్ చేయిస్తామంటే ఒప్పుకోవద్దు. వేడి తగిలిన అంచున గొట్టం బలహీనపడి తర్వాత అక్కడే చీలుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో బ్యాటరీ విప్పకుండా వెల్డింగ్ పెడితే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్, అంటే ఈసీయూ, కాలిపోయే ప్రమాదమూ ఉంది.

నడిపే ముందు

హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. మడ్‌గార్డు, చక్రం, కేబుళ్లు ఎక్కడా గార్డుకు తగలకూడదు, కనీసం 15 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు పోయే బెండు పైపుకూ అంతే, లేకపోతే వేడికి పూత కాలిపోతుంది, అదురుకు టకటక చప్పుడు వస్తుంది. చాలామంది మరిచిపోయేది ముందు షాకబ్జార్ల నొక్కుడు. షెడ్డులో నిలబడ్డ బండికి బోలెడు ఖాళీ కనిపిస్తుంది, స్పీడ్ బ్రేకర్ మీద పడ్డప్పుడు మడ్‌గార్డు వెళ్లి గార్డుకు కొట్టుకుంటుంది. ఫోర్కు మెరిసే గొట్టానికి ప్లాస్టిక్ టై ఒకటి చుట్టి, బ్రేకు పట్టుకుని ఇద్దరు గట్టిగా నొక్కండి. టై ఎంత జరిగిందో అంత నొక్కుడన్నమాట. చేతులతో పూర్తి నొక్కుడు రాదు. క్లాసిక్ 350 ముందు షాకబ్జార్లకు 130 మిల్లీమీటర్ల ప్రయాణం ఉంటే మనుషుల బలానికి వచ్చేది అందులో కొంతే. మిగిలిన దూరాన్ని కొలిచి, మడ్‌గార్డు ఇంకా అంత పైకి వస్తే ఎక్కడుంటుందో చూసుకోండి.

తర్వాత మీరు రోజూ వేసుకునే చెప్పులతో ఒకసారి, వానాకాలపు బూట్లతో ఒకసారి కూర్చుని బ్రేకు పెడల్, గేరు రాడ్డు నొక్కి చూడండి. కాలి వేలు పైపుకు తగలకూడదు. మోకాలి కింది ఎముకకూ పైపుకూ మధ్య నాలుగు వేళ్ల సందు లేకపోతే ఆ గార్డు మీ ఎత్తుకు సరిపోదు. ఆయిల్ డ్రెయిన్ బోల్టు, ఫిల్టర్ కవర్ గార్డు విప్పకుండా తీయగలిగేలా ఉండాలి, లేదంటే ప్రతి సర్వీసుకూ కూలీ పెరుగుతుంది. కింది వంపులో నీళ్లు నిలిచే పైపైతే అడుగున 4 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టించండి. నీళ్లు నిలిచే పైపుకు తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది.

నట్టు మీద నుంచి ప్లేటు మీదకు మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత విరిగిందంటే నట్టు తిరిగింది. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి బిగువు చూసి, తర్వాత ప్రతి సర్వీసులో చూస్తే చాలు.

చేయకూడనివి కొన్ని. హైవే మీద కాళ్లు చాపి గార్డు మీద పెట్టుకుంటే, ముందు కుక్క అడ్డం వచ్చినప్పుడు పాదం బ్రేకు దగ్గరికి చేరేలోపు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. పైగా ఆ భంగిమలో మోకాళ్లతో ట్యాంకు పట్టుకోలేరు. పాల క్యాన్లు, కూరగాయల సంచులు గార్డుకు వేలాడదీస్తే వెల్డింగ్ అలసిపోతుంది, హ్యాండిల్ తిరగడానికీ అడ్డం. ఫాగ్ లైట్లు బిగిస్తే వైరు బిర్రుగా లాగకుండా కొంచెం వదులుగా వదలండి, రిలే, ఫ్యూజు తప్పనిసరి. ఘాట్ రోడ్డు మలుపుల్లో బాగా వంచి నడిపేవాళ్లకు ఇంకో హెచ్చరిక: గార్డు ఫుట్‌రెస్టు కంటే ముందు నేలకు తగిలేంత కిందుగా ఉంటే చక్రాన్ని లేపి బండిని పడేస్తుంది. మడుచుకునే ఫుట్‌రెస్టులా అది లోపలికి పోదు.

చట్టం

2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ అనుమతి లేని క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దానికి ఆధారం. ఆ గొడవంతా ప్రధానంగా కార్ల ముందు బిగించే బుల్ బార్ల గురించే, అయినా బైకుల వాళ్లను ఆపి అడిగే సందర్భాలు వస్తాయి. 2019 సవరణ తర్వాత 182ఏ(4) కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కంపెనీ యాక్సెసరీ జాబితాలో ఉన్న గార్డు కొని, బిల్లు ఫోన్లో ఉంచుకుంటే మాట్లాడటం తేలిక. వాడి మొనలు తేలిన, హ్యాండిల్ దాటిన గార్డులతో అనవసరంగా తగాదా కొనితెచ్చుకోవద్దు. బీమా పాలసీలో విడిగా చూపించని అదనపు ఫిట్టింగులకు సాధారణంగా క్లెయిములో డబ్బు రాదు.

ఒకసారి పడ్డాక

బండి లేపి ముందు కవర్ల కింద ఆయిల్ చూడండి. గార్డు ఉన్నా గేరు రాడ్డు లోపలికి వంగి మాగ్నెట్ కవర్‌ను పొడిచే సందర్భాలు ఉంటాయి. ఆయిల్ కారుతుంటే స్టార్ట్ చేయొద్దు. సన్నటి చెమ్మ మాత్రమే అయితే అక్కడ శుభ్రంగా తుడిచి, ఎం-సీల్ లాంటిది పెట్టి గట్టిపడ్డాక, ఆయిల్ మట్టం చూసుకుని మెల్లగా మెకానిక్ దాకా పోవచ్చు.

గార్డు గీతలు పడి ఆకారం మారకపోతే వాడుకోవచ్చు. వంగితే మార్చాలి. గ్యాస్ మంటతో కాల్చి తిన్నగా చేసిన పైపు రెండోసారి అక్కడే మడతపడుతుంది. కొత్తది బిగించే ముందు ఫౌండేషన్ బోల్టు తీసి అద్దం ముక్క మీద దొర్లించండి, ఎగిరెగిరి దొర్లితే వంగినట్టే, మార్చేయండి. క్లాంపు ఉన్న చోట ఛాసిస్ పెయింటులో సన్నటి గీత కనిపిస్తే వైరు బ్రష్‌తో గీకి చూడండి. పెయింటు పోయాక కూడా గీత లోహం మీద మిగిలితే అది పగులు. అప్పుడు గార్డు సంగతి పక్కన పెట్టి బండిని సర్వీస్ సెంటర్‌కు పంపాలి, నడుపుకుంటూ కాదు, ట్రాలీ ఆటోలో వేసి.